డ్రిల్ మిషన్ చిన్నదా, పెద్దదా? కొనేముందు మీ ఇంటి గోడను ఒకసారి చూడండి

సెలవు మీద ఇంటికి వచ్చే ముందు రియాద్ నుంచో దుబాయ్ నుంచో తమ్ముడు ఫోన్ చేస్తాడు. "భాయ్, ఇక్కడ ఆఫర్ నడుస్తోంది. బ్యాటరీ డ్రిల్ మిషన్ తీసుకురానా? 12 వోల్టులదా, 18 వోల్టులదా?" ఇటువైపు అన్నకు ఏం చెప్పాలో తోచదు. పక్కనుంచి అబ్బా, "పెద్దదే తెమ్మను. కొనేది ఒక్కసారే కదా" అంటారు. అమ్మీ మాత్రం వంటింట్లోంచి, "పరదాల రాడ్డు బిగించడానికి అంత పెద్దది దేనికిరా?" అంటుంది.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇంటి అవసరం ఏమిటో చూడకుండా కొంటే రెండు రకాలుగా నష్టం. పెద్దది కొని ఏడాదికి నాలుగుసార్లు కూడా వాడకపోతే వేల రూపాయలు అటక మీద పడి ఉంటాయి. చిన్నది కొని కాంక్రీటు గోడ మీద పెడితే అది తిరుగుతూనే ఉంటుంది, రంధ్రం మాత్రం పడదు. చివరికి మిషన్ ఖరాబు, మనిషి పరేషాన్. అందుకే ఈ చిన్నా పెద్దా లెక్క ఏమిటో కాస్త వివరంగా చూద్దాం.

12, 18, 20: అంకెల వెనుక ఉన్నది ఒకటే లెక్క

బ్యాటరీ డ్రిల్ కొత్తదేమీ కాదు. అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ 1961లోనే తీగ లేని డ్రిల్ తెచ్చింది. అప్పటి బ్యాటరీలు నికెల్ కాడ్మియంవి. బరువు ఎక్కువ, బలం తక్కువ. 2005 ప్రాంతంలో లిథియం అయాన్ బ్యాటరీలు ఈ మిషన్లలోకి వచ్చాక కథ మారింది. ఇప్పుడు మార్కెట్లో కనిపించేవి దాదాపు అన్నీ ఇవే.

బ్యాటరీ ప్యాక్ విప్పితే లోపల టార్చిలైటు సెల్లులాంటి సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ మామూలుగా 3.6 వోల్టులు ఇస్తుంది. మూడు సెల్స్ వరసగా కలిపితే 10.8 వోల్టులు. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒక్కో సెల్ 4 వోల్టులు దాటుతుంది కాబట్టి అదే ప్యాక్‌ను "12 వోల్ట్ మ్యాక్స్" అని అమ్ముతారు. ఐదు సెల్స్ కలిపితే 18 వోల్టులు. అదే నిండుగా ఉన్నప్పుడు 20 వోల్టులు. అంటే అమెరికా నుంచి వచ్చిన "20 వోల్ట్ మ్యాక్స్" డబ్బా, మన దగ్గర దొరికే "18 వోల్ట్" డబ్బా రెండూ ఒకే తరగతివి. రెండు వోల్టులు ఎక్కువ అని దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇంకో మోసం కూడా ఉంది. ఆన్‌లైన్‌లో, కొన్ని దుకాణాల్లో "48 వీఎఫ్", "88 వీఎఫ్" అని పెద్ద అంకెలు వేసి చవకగా అమ్ముతుంటారు. చివర్లో ఆ "ఎఫ్" అనే అక్షరం ఉందంటే అనుమానించండి. అది వోల్టేజీ కాదు, అమ్మకం కోసం పెట్టిన పేరు. ప్యాక్‌లో ఎన్ని సెల్స్ ఉన్నాయో అడగండి. ఐదు అని చెబితే అది 18 వోల్టుల తరగతిదే, స్టిక్కరు మీద ఎంత రాసినా సరే.

కాబట్టి చిన్నది అంటే మూడు సెల్స్ 12 వోల్ట్, పెద్దది అంటే ఐదు సెల్స్ 18 వోల్ట్. ఈ మాట గుర్తుంటే దుకాణంలో సగం గందరగోళం పోతుంది.

బరువు ఎక్కడ పెరుగుతుంది?

వోల్టులతో పాటు బ్యాటరీ మీద "ఏహెచ్" అని ఇంకో అంకె ఉంటుంది. 2 ఏహెచ్, 4 ఏహెచ్ అని. బ్యాటరీలో ఎంత సరుకు నిల్వ ఉందో చెప్పేది ఇదే. వోల్టులను ఏహెచ్‌తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. చిన్న 10.8 వోల్టుల 2 ఏహెచ్ బ్యాటరీలో 21.6 వాట్ అవర్లు. పెద్ద 18 వోల్టుల 2 ఏహెచ్ బ్యాటరీలో 36. అదే 18 వోల్టులు 4 ఏహెచ్ అయితే 72. ఏహెచ్ రెండింటికీ ఒకటే కదా, పని కూడా ఒకటే చేస్తాయి అనుకోకూడదు.

సరుకు పెరిగితే బరువూ పెరుగుతుంది. మామూలు సెల్ ఒక్కోటి 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. చిన్న ప్యాక్‌లో మూడు. 18 వోల్టుల 2 ఏహెచ్ ప్యాక్‌లో ఐదు. 4 ఏహెచ్ ప్యాక్ అంటే చాలావరకు రెండు వరసల్లో పది. పది సెల్స్ బరువే దాదాపు అరకిలో అన్నమాట. దీనికి పెద్ద మోటారు, గేర్లు కలిపితే 18 వోల్టుల మిషన్ ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాకా తూగుతుంది. చిన్నది కిలో చుట్టుపక్కలే ఉంటుంది.

కిలో తేడానే కదా అనిపించవచ్చు. నీళ్లు నింపిన లీటరు సీసాను తలకంటే ఎత్తులో చెయ్యి చాచి రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. తర్వాత రెండు లీటర్ల సీసాతో అదే చేయండి. స్టూలు మీద నిలబడి పరదాల రాడ్డు బిగించేటప్పుడు జరిగేది ఇదే. భుజం నొప్పి ఉన్న పెద్దవాళ్లు, చేతులు చిన్నగా ఉండే అక్కాచెల్లెళ్లు వాడే ఇంట్లో ఈ తేడాయే నిర్ణయం చేస్తుంది. మిషన్ బరువని భయపడి ఎవరూ ముట్టుకోకపోతే ప్రతి చిన్న పనికీ మళ్లీ మేస్త్రీ కోసం ఎదురుచూడాల్సిందే.

మధ్యస్థంగా ఇంకో రకం ఉంది. 18 వోల్టుల్లోనే పొట్టిగా, తేలిగ్గా చేసిన మిషన్లు. వీటిలో చాలావాటికి కార్బన్ బ్రష్‌లు లేని మోటారు ఉంటుంది. దీన్ని బ్రష్‌లెస్ అంటారు. రాపిడి తక్కువ కాబట్టి వేడి తక్కువ, అదే ఛార్జింగ్‌తో ఎక్కువ పని. ధర మాత్రం కాస్త ఎక్కువ. 2 ఏహెచ్ బ్యాటరీ పెడితే ఇవి చేతికి బాగానే అమరుతాయి.

బలం ఎంత కావాలి?

డబ్బా మీద "30 న్యూటన్ మీటర్లు", "54 న్యూటన్ మీటర్లు" అని రాసి ఉంటుంది. అది మెలితిప్పే బలం, టార్క్. తేలిగ్గా చెప్పాలంటే, మీటరు పొడవున్న పానా చివర మూడు కిలోల బరువు వేలాడదీస్తే నట్టు మీద పడే బలం దాదాపు 30 న్యూటన్ మీటర్లు. 12 వోల్టుల మిషన్లు చాలావరకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. మామూలు 18 వోల్టులవి 50 దాటుతాయి.

కొన్ని డబ్బాల మీద రెండు అంకెలు ఉంటాయి: హార్డ్, సాఫ్ట్. పెద్ద అక్షరాల్లో వేసేది హార్డ్ అంకె. ఇనుము మీద నట్టు బిగిసే చివరి క్షణంలో వచ్చే బలం అది. చెక్కలో స్క్రూ దిగేటప్పుడు పనికొచ్చేది సాఫ్ట్ అంకె. రెండు మిషన్లను పోల్చేటప్పుడు సాఫ్ట్‌ను సాఫ్ట్‌తోనే పోల్చండి.

మరి ఇంట్లో పనులేమిటి? అల్మారా తలుపు కబ్జాలు బిగించడం, ప్లైవుడ్‌లో ఒకటిన్నర అంగుళం స్క్రూలు దించడం, మంచం విప్పి మళ్లీ బిగించడం, స్విచ్‌బోర్డు మూత తీయడం, పిల్లల స్టడీ టేబుల్ జోడించడం. ఇవన్నీ 12 వోల్టులది హాయిగా చేస్తుంది. నిజానికి ఇలాంటి పనుల్లో పెద్ద మిషన్‌తోనే ఇబ్బంది. వేలు కాస్త ఎక్కువ నొక్కితే స్క్రూ తల అరిగిపోతుంది, లేదా ప్లైవుడ్‌లో లోతుగా కూరుకుపోతుంది. మిషన్ మెడ దగ్గర 1, 2, 3 అని అంకెలున్న రింగు ఉంటుంది కదా, అది క్లచ్. తక్కువ అంకె మీద మొదలుపెట్టి, సరిపోకపోతే ఒక్కో అంకె పెంచండి. చాలామంది ఈ రింగును అసలు ముట్టుకోరు.

అసలు ప్రశ్న గోడదే

ఇక్కడే అబ్బా మాటకు విలువ వస్తుంది. మన ఇళ్లలో డ్రిల్ అవసరం ఎక్కువగా పడేది గోడతోనే. గోడలన్నీ ఒకటి కాదు.

ఎర్ర ఇటుక గోడ అయితే పెద్ద సమస్య లేదు. 12 వోల్టుల మిషన్‌లో కూడా ఇంపాక్ట్ రకం దొరుకుతుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు వేయాలంటే సరిపోతుంది. కానీ కొనేముందు రింగు మీద సుత్తి గుర్తు ఉందో లేదో చూడండి. ఆ గుర్తు లేకపోతే అది చెక్కకు, రేకుకు మాత్రమే. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

పిల్లర్, బీమ్, స్లాబ్ కాంక్రీటు. కిటికీ పైనుండే లింటెల్ కూడా చాలా ఇళ్లలో కాంక్రీటే. పరదాల రాడ్డు సరిగ్గా అక్కడే రావాలి! ఇక్కడ చిన్న మిషన్ చేతులెత్తేస్తుంది. 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్ 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేస్తుంది గానీ, బలంగా ఒత్తి పట్టుకోవాలి, ఓపిక పట్టాలి. ఎందుకంటే ఇంపాక్ట్ డ్రిల్ లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకమంటాయి. మనం ఒత్తితేనే దెబ్బ పడుతుంది. రోటరీ హ్యామర్ పద్ధతి వేరు. దానిలో పిస్టన్ గాలి ఒత్తిడితో తనే దెబ్బ వేస్తుంది. మేస్త్రీలు స్లాబులో నిమిషంలో రంధ్రం వేసేది దానితోనే. దాని బిట్లు కూడా వేరు, ఎస్‌డీఎస్ అంటారు. మామూలు డ్రిల్‌లో పట్టవు.

కొత్త అపార్టుమెంట్లలో తెల్లటి తేలిక బ్లాకులు వాడుతున్నారు. ఏఏసీ బ్లాకులు. వీటికి సుత్తి మోడ్ పెట్టకండి, రంధ్రం వెడల్పయి గిట్టి నిలవదు. మామూలు మోడ్ చాలు, చిన్న మిషన్ చాలు. టైల్స్‌కు, వంటింట్లో అరలుగా వేసే కడప బండకు కూడా సుత్తి మోడ్ వద్దు, పగులుతాయి. టైల్‌కు దాని బిట్ విడిగా దొరుకుతుంది. పైన మాస్కింగ్ టేప్ అంటించి, నిదానంగా తిప్పండి.

మీ గోడ ఏదో తెలీకపోతే రాలే పొడి చెబుతుంది. మొదటి అర అంగుళం ప్లాస్టరింగ్, ఎక్కడైనా బూడిద రంగే. తర్వాత ఎర్ర పొడి వస్తే ఇటుక. మెత్తగా, తేలిగ్గా తెల్లటి పొడి వస్తే బ్లాకు. బూడిద రంగు పొడే వస్తూ బిట్ ముందుకు కదలకపోతే కాంక్రీటు.

వైరున్న డ్రిల్‌ను తీసిపారేయకండి

దుకాణదారు చెప్పని మాట ఒకటుంది. మీకు ముఖ్యంగా కావాల్సింది గోడకు రంధ్రాలే అయితే, 230 వోల్టుల వైరున్న ఇంపాక్ట్ డ్రిల్ ఇప్పటికీ మంచి బేరం. ధర 18 వోల్టుల కిట్‌తో పోలిస్తే చాలా తక్కువ. బ్యాటరీ పాతబడే గొడవ లేదు. రెండేళ్లు అటక మీద ఉంచి తీసినా ప్లగ్గు పెడితే తిరుగుతుంది.

చాలా ఇళ్లకు సరిపోయే జత ఇదే: స్క్రూలకు, చెక్కపనికి చిన్న 12 వోల్ట్ మిషన్. గోడకు వైరున్న ఇంపాక్ట్ డ్రిల్. రెండూ కలిపినా ఒక్క మంచి 18 వోల్టుల కిట్ ధర దగ్గరికే రావచ్చు, ధరలు అడిగి చూసుకోండి. స్లాబులో పెద్ద రంధ్రాలు కావాలంటే రోటరీ హ్యామర్ ఒకరోజు అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా పని తెలిసిన మేస్త్రీని పిలవచ్చు.

మరి 18 వోల్టులది ఎవరికి? సొంత ఇల్లు కట్టుకుంటున్నవారికి. కరెంటు లేని పొలం షెడ్డులో, డాబా మీద పని ఉండేవారికి. ముఖ్యంగా ఇంట్లో కుర్రాడు ఏసీ ఫిట్టింగో, అల్యూమినియం కిటికీల పనో, కార్పెంటరీయో నేర్చుకుంటున్న కుటుంబాలకు. అప్పుడది ఇంటి సామాను కాదు, రోజీకి ఆధారం. రోజుకు పది ఇళ్లు తిరిగేవాడికి చిన్న మిషన్ కొనిస్తే దాని పరిమితి వాడి కూలి మీద పడుతుంది. ఇలాంటి చోట పొదుపు చేస్తే మళ్లీ కొనాల్సి వస్తుంది.

ఒక బ్యాటరీ కొంటే ఒక కుటుంబంలో చేరినట్టే

మిషన్ కంటే బ్యాటరీ గురించి ఎక్కువ ఆలోచించాలి. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టదు. ఒకే కంపెనీలో కూడా అన్నీ కలవవు. మకితాలో 12 వోల్టుల బ్యాటరీ 18 వోల్టుల మిషన్‌కు పట్టదు. బాష్‌లో ఇంటి వాడకానికి ఇచ్చే ఆకుపచ్చ రంగు 18 వోల్టుల మిషన్ల బ్యాటరీ, మేస్త్రీలకు ఇచ్చే నీలం రంగు 18 వోల్టుల మిషన్లకు పట్టదు. వోల్టులు ఒకటే అయినా సరే.

అందుకని రేపు ఇంకేం కొంటారో ఇప్పుడే ఆలోచించండి. గ్రైండర్, రంపం, బ్లోయర్ లాంటివి కావాలంటే 18 వోల్టుల వరసే సరి. వాటి ఆకలికి 12 వోల్టుల బ్యాటరీ ఆగదు. అలాంటివేవీ కొనే ఉద్దేశం లేకపోతే పెద్ద వరసలోకి వెళ్లి ఫాయిదా లేదు.

ధర చూసేటప్పుడు డబ్బాలో బ్యాటరీ, ఛార్జర్ ఉన్నాయో లేదో తప్పకుండా అడగండి. "బేర్ టూల్", "సోలో" అంటే ఉత్త మిషన్ మాత్రమే. చవకగా కనిపించి, బ్యాటరీ విడిగా కొనేసరికి తడిసి మోపెడవుతుంది.

విదేశం నుంచి తెచ్చేవారికి

గల్ఫ్ నుంచి తెస్తే మొదట ఛార్జర్ వెనుక చూడండి. "220-240 వోల్టులు" అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. ప్లగ్గు మాత్రం మూడు పలక పిన్నులది, దానికి అడాప్టర్ కావాలి. అమెరికా నుంచి తెస్తే జాగ్రత్త. అక్కడి ఛార్జర్లు చాలావరకు 120 వోల్టులకే. ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. వారంటీ కూడా కొన్న దేశానికే పరిమితమైతే ఇక్కడి సర్వీస్ సెంటర్ ఉచితంగా చేయదు. కొనేముందే అడగాలి.

విమానంలో, బ్యాటరీని మిషన్ నుంచి తీసేసి చేతి సంచిలో పెట్టుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. కొసలు తగలకుండా టేపు అంటించాలి. మిషన్, బిట్లు మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్లాలి. 100 వాట్ అవర్ల లోపు బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 18 వోల్టులు 5 ఏహెచ్ అంటే 90, పర్వాలేదు. అదే 6 ఏహెచ్ అంటే 108, ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. టికెట్ తీసుకున్న ఎయిర్‌లైన్స్‌ను ముందే అడిగితే విమానాశ్రయంలో తలనొప్పి ఉండదు.

మన ఎండ, దాని బ్యాటరీ

"కొత్త బ్యాటరీని పూర్తిగా దించి తర్వాతే ఛార్జింగ్ పెట్టాలి" అని పాతవాళ్లు చెబుతారు. నికెల్ కాడ్మియం రోజుల్లో ఆ మాట నిజం. లిథియంకు అది అవసరం లేదు, పైగా పూర్తిగా దించి నెలల తరబడి వదిలేస్తే చచ్చిపోతుంది. చాలా రోజులు వాడకపోతే సగం ఛార్జింగ్‌తో, చల్లటి చోట ఉంచండి. మూడు నాలుగు నెలలకోసారి చూసుకోండి. మే నెలలో రేకుల అటక మీదా, ఎండలో నిలిపిన బండి డిక్కీలోనూ పెట్టొద్దు. పని అయిన వెంటనే వేడిగా ఉన్న బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు, కాసేపు ఆరనివ్వండి. ఉబ్బిన బ్యాటరీని వాడొద్దు, చెత్తలో కూడా వేయొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి.

గోడలో వైర్లున్నాయి, మరవొద్దు

స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద, పక్కన రంధ్రం వేయకండి. లోపల వైర్లు చాలావరకు ఆ దారుల్లోనే వెళతాయి. బాత్రూమ్ గోడలో అయితే కుళాయికి పైనా కిందా పైపులు. బ్యాటరీ మిషన్‌తో ఉన్న పెద్ద లాభం ఇక్కడే: మెయిన్ కట్టేసి పని చేయొచ్చు. బ్యాటరీదే కదా, షాక్ కొట్టదులే అనుకోవద్దు. బిట్ వెళ్లి కరెంటున్న వైరుకు తగిలితే ఆ కరెంటు మిషన్ ముందున్న ఇనుప భాగం దాకా వస్తుంది. మెయిన్ కట్టడానికి పట్టేది ఒక్క నిమిషం.

కళ్లద్దాలు పెట్టుకోండి. దుపట్టా కొంగు, వదులుగా ఉండే కుర్తా చేతులు, మెడలో గొలుసు తిరిగే బిట్‌కు చుట్టుకుంటాయి. ముందే మడిచి బిగించుకోవాలి. నూలు చేతి తొడుగులు కూడా వద్దు. పెద్ద మిషన్‌తో పక్క హ్యాండిల్ వస్తే దాన్ని తప్పకుండా పట్టుకోండి. బిట్ ఇరుక్కుంటే మిషన్ ఒక్కసారిగా తిరిగి మణికట్టు మెలిపెడుతుంది. స్టూలు మీద ఉన్నప్పుడు అలా జరిగితే కింద పడతారు. పని అయ్యాక బ్యాటరీ తీసి, పిల్లలకు అందని చోట విడిగా పెట్టండి.

ఇంతకీ తమ్ముడికి ఏం చెప్పాలి?

ఫోన్ పెట్టేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. మన పని స్క్రూలదా, గోడదా? గోడ ఇటుకా, కాంక్రీటా? దీన్ని ఎక్కువగా పట్టుకునేది ఎవరు?

స్క్రూల పని ఎక్కువ, గోడ ఇటుక, వాడేది ఇంటిల్లిపాదీ అయితే 12 వోల్టులది, సుత్తి గుర్తున్నది, రెండు బ్యాటరీలతో. కాంక్రీటు పని ఎప్పుడో ఒకసారి ఉంటే దానికి తోడు ఇక్కడే వైరున్న డ్రిల్ కొనుక్కోవచ్చు. ఇల్లు కడుతున్నా, ఇంట్లో ఎవరికైనా అదే ఉపాధి అయినా 18 వోల్టులది, ఇక్కడ సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీది, ఇక్కడే బిల్లుతో కొనడం మేలు. అద్దె ఇల్లయితే రంధ్రం వేసే ముందు ఇంటి ఓనర్‌ను ఒక మాట అడగండి.

పరదాల రాడ్డు విషయంలో అమ్మీ మాట సగమే నిజం. స్క్రూలు తిప్పడానికి చిన్నది చాలు. కానీ ఆ రాడ్డు లింటెల్ మీదికి వస్తే రంధ్రానికి అబ్బా చెప్పిన పెద్దదే కావాలి. అందుకే మిషన్ కొనే ముందు కిటికీ పైన గోడను ఒకసారి తట్టి చూడండి.